చెవిటి కోటిరత్నం

"మీ పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అని మా కామేశ్వరి పదోసారి అడిగింది. డిగ్రీ చదివే నా కూతురు ఇంటర్వ్యూ ఆఫీసరులా కుర్చీలో కూర్చుంది. కన్నతల్లిని, నేను దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఆ పుల్లారావు నోట్లో మన్ను పడ! వాని వల్లనే మానేసినా."

"అమ్మా, ఇంటర్వ్యూలో శాపనార్థాలు పెట్టగూడదు. సొంత కారణాల వల్ల అని చెప్పు."

ఎందుకు చెప్పాలి? అవి నా సొంత కారణాలు ఎలా అవుతాయి?

మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో పదేళ్లు పనిచేశాను. పలకను వేలి కణుపుతో కొడితే, గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పగులుంటే చచ్చిన చప్పుడు చేస్తుంది. కంటికి మాత్రం రెండూ ఒకటే. ఆ తేడా పట్టి ఏరాల్సింది మా సూపర్‌వైజరు పుల్లారావు. గనిలో తూటాలు పేల్చే పనిలో ఉన్నప్పుడే వాడి చెవులు దెబ్బతిన్నాయి. దగ్గరగా మాట్లాడితే వినేవాడు గానీ పలక చప్పుడు అందేది కాదు. నేను పనిలో చేరిన కొత్తలోనే ఒకరోజు నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటే పాపమని జాలిపడ్డాను. అప్పటి నుంచి వాడు పలక కొడుతుంటే పక్కన కూర్చుని నేను వినేదాన్ని. పగులుంటే ముక్కుపుడక సర్దుకునేదాన్ని. పలకలు ఏరడంలో పుల్లారావంత మొనగాడు లేడని ఓనరు మురిసిపోయేవాడు.

రెండేళ్ల కిందట నాకు జ్వరం వచ్చి మూడు రోజులు పనికి పోలేదు. ఆ మూడు రోజుల్లో వాడొక్కడే ఏరి పంపిన లారీ సరుకు సగం ముక్కలై వెనక్కి వచ్చింది. ఓనరు నిలదీస్తే వాడేమన్నాడో తెలుసా? "జ్వరం రాకముందు నేను కోటిరత్నానికి ఏరమని ఇచ్చిన సరుకు సార్ ఇది. ఆమెకు చెవుడు. చెప్పకుండా దాచిపెట్టింది" అన్నాడు!

తన చెవుడు తీసి నా నెత్తిన పెట్టాడు. నేనెంత మొత్తుకున్నా వినకుండా ఆ రోజే నన్ను వెళ్లగొట్టారు. చెవిటి కోటిరత్నం అని పేరు పడ్డాక ఊళ్లో ఏ ఫ్యాక్టరీ నన్ను ఏరడానికి పిలవలేదు. అప్పటి నుంచి కూలికి రాళ్లు మోస్తున్నాను.

ఇప్పుడు కంభం రోడ్డులో పెట్టిన కొత్త కంపెనీకి క్వాలిటీ చెకర్ కావాలట. ఉన్నది ఒక్కటే పోస్టు. పాత ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి పుల్లారావు కూడా దరఖాస్తు పెట్టాడు.

ఇంటర్వ్యూకు మూడు రోజులుందనగా పొద్దున్నే వాడు మా వాకిట్లోకి వచ్చాడు. సిగ్గూ ఎగ్గూ లేదు.

"చెల్లెలా, అందరి ముందర పలకలు కొట్టిపిస్తారంట. ఆ సైగ ఒక్కసారి చెయ్యి. నాకు ఉద్యోగమొస్తే నిన్ను నా కింద పెట్టుకుంటా."

వాడి కింద నేనట! నా ఒళ్లు భగ్గుమంది. అయినా నవ్వు మొహం పెట్టి, "అట్లనే అన్నా. నీకు గాకపోతే ఎవరికి చేస్తా?" అన్నాను.

వాడు పోయాక కామేశ్వరి నన్ను ఎగాదిగా చూసింది. "ఏందమ్మా నీ ఆలోచన?"

"మంచి పలకకు ముక్కుపుడక సర్దుతా. పగులుదానికి కదలను. వాని బండారం పదిమందిలో బయటపడాల."

"నీకు ఉద్యోగమొస్తే చాలదా?"

"చాలదు."

ఆ మూడు రోజులూ కూతురు చెప్పిన జవాబులన్నీ బట్టీపట్టాను. అసలు సాధన మాత్రం అద్దం ముందు చేశాను. పలక ఖంగుమనగానే చెయ్యి ముక్కు మీదికి పోవాలి. పదేళ్ల అలవాటు ఊరికే తిరగబడుతుందా!

ఆ రోజు కంపెనీ షెడ్డులో ఆరుగురం నిలబడ్డాం. మేనేజరు శేషాద్రిగారు ఇరవై పలకలు పేర్పించి మొదట పుల్లారావును పిలిచారు. వాడు మొదటి పలక కొట్టాడు. ఖంగుమంది. ముక్కుపుడక సర్దుకున్నాను. వాడు దాన్ని పక్కన పడేశాడు. రెండోది చచ్చిన చప్పుడు చేసింది. నేను కదల్లేదు. దాన్ని తీసుకెళ్లి మంచి వరుసలో పెట్టాడు. మేనేజరు మొహం చిట్లించారు. మూడోదీ, నాలుగోదీ అంతే. నా కడుపు చల్లబడుతోంది.

ఐదో పలక దగ్గర వాడు ఆగి నా వైపు చూశాడు. తర్వాత మేనేజరు చిట్లించిన మొహం చూశాడు. అర్థమైపోయింది వాడికి. ఇప్పుడు బుకాయించరా! పలకలే బాగాలేవను, నా మీద పడు! రెండేళ్లుగా దాచుకున్న తిట్లన్నీ నాలుక చివరికి వచ్చి కూర్చున్నాయి.

పుల్లారావు పలక కింద పెట్టాడు.

"సార్, నాకు చెవులు సరిగ్గా వినపడవు. పదేండ్లు పలకలు ఏరింది ఈ కోటిరత్నమే. ముక్కలైన సరుకు నేను ఏరింది. ఆమెకు చెవుడని అబద్ధం చెప్పినా. ఉద్యోగం ఆమెకియ్యండి" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

నా వంతు వచ్చింది. ఇరవై పలకల్లో ఒక్కటి కూడా తప్పు పోలేదు. మేనేజరు కామేశ్వరి నేర్పిన ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. "సోమవారం నుంచి రండమ్మా" అన్నారు.

సాయంత్రానికి మా వీధంతా ఒకటే మాట. పుల్లారావు ధర్మరాజట. తన పొట్ట కొట్టుకుని నిజం చెప్పిన మహానుభావుడట. రెండేళ్లు రాళ్లు మోసిన నా నడుము సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

కామేశ్వరి మిఠాయి పొట్లం విప్పి నా ముందు పెట్టింది. "ఉద్యోగమొచ్చె. పోయిన పేరు తిరిగొచ్చె. ఇంకా ఆ మూతి ముడుపేంది? ఇంకేం కావాలమ్మా నీకు?"

"వాడు ఇంకొక్క అబద్ధం ఆడింటే బాగుండు" అన్నాను.