ముందు ఎడమ చక్రం

మా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పెళ్లయిన కొత్తలో నాలుగో కాలు చూపించబోయి అలిసిపోయాను. అందుకే ఆయన పాత సామాన్ల దుకాణం నుంచి నాలుగు వెడల్పాటి అల్లాయ్ చక్రాలు తెచ్చి వాకిట్లో దొర్లించినప్పుడు, బాగున్నాయని మాత్రం అన్నాను. నిజంగానే బాగున్నాయి. ఏదో పెద్ద కారువట. ఆ కారుకు ఏమైందని అడిగితే, "పోయిన కారు సంగతి మనకెందుకు?" అన్నారు.

ఆయన బతుకుతెరువు ఒక ఫోర్‌వీల్ జీపు. కొండ మీది జలపాతం చూడవచ్చిన వాళ్లను పైకి తీసుకెళ్లి, మళ్లీ కిందికి దించుతారు. కింద స్టాండులో ఇంకా చాలా జీపులున్నాయి. ఎవరి బండి దర్జాగా ఉంటే జనం దాంట్లోనే ఎక్కుతారని ఆయన నమ్మకం. "మొహం చూసి పిల్లనిస్తారు, చక్రాలు చూసి బండెక్కుతారు" అని సొంతంగా ఓ సామెత కూడా కట్టుకున్నారు.

అయితే కారు బోల్టుల వరస వేరు, జీపు వరస వేరు. ఎవరో ఆ చక్రాల పాత రంధ్రాలను వెల్డింగుతో పూడ్చి, పక్కన కొత్తవి తొలిచారు. నడిమి రంధ్రాన్ని కూడా లేతు మిషను మీద పెట్టి పెద్దది చేశారు. పైన రంగు వేసేసరికి అవేవీ కంటికి కనబడలేదు.

నా తమ్ముడికి టైర్ల షాపు ఉంది. వాడి చేతికి మొదటిసారి స్పానర్ ఇచ్చింది మా ఆయనే. ఆయన మెకానిక్‌గా ఉన్న రోజుల్లో వాడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడి కింద మనుషులు పని చేస్తున్నా, బావ షాపులోకి వస్తే వాడు స్టూలు మీంచి లేచి నిలబడతాడు.

వాడు ఒక చక్రాన్ని ఎత్తి ఇరుసు చివరనుండే హబ్బుకు తొడిగి, చుట్టూ వేలితో తడిమి చూశాడు. హబ్బుకీ చక్రానికీ మధ్య వాడి గోరు సులువుగా దూరింది.

"బావా, ఇది హబ్బు మీద కూర్చోవట్లేదు. బరువంతా బోల్టుల మీదే పడుతుంది. వద్దు."

"బిగించడం చేతకాకపోతే చెప్పు, నేనే బిగించుకుంటా."

వాడు నా వైపు చూశాడు. నేను గోడ మీది టైర్ల బొమ్మ వైపు చూశాను. అటు అక్క, ఇటు బావ, మధ్యలో వాడు అడకత్తెరలో పోకచెక్క. చివరికి నాలుగూ బిగించాడు. చక్రాలు బండి పక్కల నుంచి జానెడు బయటికి పొడుచుకొచ్చాయి. మా ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి చూసుకుని మురిసిపోయారు.

వాడి షాపులో ఒక పద్ధతి ఉంది. నట్టు బిగించాక దాని మీద నుంచి చక్రం మీదికి తెల్ల పెయింటుతో సన్నటి గీత ఒకటి గీస్తాడు. నట్టు కాస్త తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. బండి తీసేముందు ఓసారి వంగి చూసుకుంటే చాలు. ఇది కూడా వాడు బావ దగ్గర నేర్చుకున్నదే. ఆ రోజు గీతలన్నీ గీసి, "ప్రతిరోజూ చూసుకో బావా" అని మరీ మరీ చెప్పాడు.

ఇంటికి వచ్చీ రాగానే మా ఆయన గుడ్డ పెట్రోలులో ముంచి ఆ గీతలన్నీ తుడిచేశారు.

"ఎందుకండీ? మీరు నేర్పిన పద్ధతేగా?"

"నేను నేర్పింది వాడికి. నాకు కాదు."

వారం తిరగకుండానే చప్పుడు మొదలైంది. బండి మెల్లగా పోతున్నప్పుడు ఎడమవైపు ముందు నుంచి టక్, టక్ అని వినిపించేది. వేగం పెరిగితే ఆగిపోయేది. టైరులో రాయి ఇరుక్కుందన్నారు. మర్నాడు కొత్త చక్రాలు సర్దుకుంటున్నాయన్నారు. చక్రాలేమైనా కొత్తకోడళ్లా, అత్తింట్లో సర్దుకోవడానికి? ఆ మాటే అంటే నవ్వి, రేడియో శబ్దం పెంచారు. నాకు నవ్వు రాలేదు.

బడి సెలవు రోజున, మా పాపను జలపాతానికి తీసుకెళ్తానని పొద్దున్నే బయల్దేరదీశారు. నేను వద్దన్నాను. ఆ చప్పుడు సంగతి తేలేదాకా పిల్లను ఎక్కించొద్దన్నాను. పదేళ్ల పిల్ల అప్పటికే ముందు సీట్లో కూర్చుని నాకు టాటా చెబుతోంది. కూతురి ముందు తండ్రిని తక్కువ చెయ్యలేక నోరు మూసుకున్నాను. జీపు వెళ్లిపోయింది.

తర్వాత జీపు నిలిపే షెడ్డు ఊడుస్తుంటే, ఎడమ ముందు చక్రం నిలిచిన చోట బూడిదలాంటి పొడి కనిపించింది. చేత్తో తీస్తే మెరిసింది. ఎందుకో భయం వేసి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు వ్యాను వేసుకుని వచ్చి, ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. వాడి మొహంలో రంగు మారింది.

"అక్కా, ఇది చక్రం అరిగి రాలిన పొడి. నట్ల కింద చక్రం కదులుతోంది. బావ గీతలు చూసుకోలేదా?"

"గీతలెక్కడివిరా, ఆ రోజే తుడిచేశారు."

వాడు వ్యాను తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. మా ఆయనకు ఫోన్ చేశాను. "మీ తమ్ముడు చేయించాడా ఈ ఫోను?" అని అడిగి పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇద్దరం వ్యానెక్కాం. కొండ దారి పొడవునా నేను రోడ్డు వైపు చూడలేదు, లోయ వైపే చూశాను. ప్రతి మలుపులోనూ కింద మా జీపు పడి ఉందేమోనని వెతికాను.

పైన జీపు క్షేమంగానే ఉంది. పాప రెయిలింగు పట్టుకుని జలపాతం చూస్తోంది. మా ఆయన ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, స్పానర్‌కు పొడవాటి ఇనుప గొట్టం తగిలించి, బలమంతా పెట్టి నట్లు బిగిస్తున్నారు. స్టాండు డ్రైవర్లు కొందరు బండ్లకు ఆనుకుని తమాషా చూస్తున్నారు.

"చూడు, ఒక్క నట్టు కూడా వదులు లేదు," అన్నారు మమ్మల్ని చూడగానే.

తమ్ముడు వంగి, ఒక నట్టును వేళ్లతో పట్టుకుని తిప్పాడు. తిరిగింది. ఇంకోటి కూడా తిరిగింది.

"బావా, గొట్టం వేసి లాగితే బోల్టులు సాగాయి. ఇవింక పట్టవు." వాడు గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. "నువ్వు ఇక్కడే ఉండు. నేను కిందికెళ్లి పాత చక్రాలు, కొత్త బోల్టులు తెస్తా. ఒక్క పూట పని."

ఒక డ్రైవరు పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. ఇంక ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"బావ బండి బావమరిది వచ్చి బాగుచేశాడట అని వీళ్లు చెప్పుకోవడానికా? దిగేదారేగా, మెల్లగా దించుతా. పాపా, ఎక్కు."

"పాప ఎక్కదు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నన్ను చూశారు, పాపను చూశారు. పాప ఎవరివైపు రావాలో తెలియక మధ్యలో నిలబడింది. నేను దాని చెయ్యి పట్టి తీసుకెళ్లి మామయ్య వ్యానులో కూర్చోబెట్టాను. మా ఆయన అడ్డు చెప్పలేదు. "అయితే మీ వాణ్ని ముందు పొమ్మను. నా వెనకాల కాపలావాడిలా రావద్దు," అన్నారంతే.

నాక్కూడా అదే మంచిదనిపించింది. పిల్ల ఆ బండికి ఎంత దూరంగా ఉంటే అంత నయం.

నేను వచ్చి జీపులో ఆయన పక్కన కూర్చున్నాను. ఒంటరిగా వదిలితే కోపంలో ఎంత వేగంగా తోలుతారో నాకు తెలుసు. పక్కన నేనుండి గొణిగితే కాస్తయినా తగ్గుతారు.

"నువ్వెందుకు ఎక్కావు?"

"మీరు దిగరు కాబట్టి."

తమ్ముడి వ్యాను ముందు కదిలింది, వెనక మేము. ఆయన మనిషి నడిచే వేగంతో నడుపుతున్నారు. నేను గొణగాల్సిన అవసరమే రాలేదు. ఎప్పుడూ ఒంటి చేత్తో స్టీరింగు తిప్పే మనిషి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. మెడ మీద చెమట కారుతోంది. కింద టక్ టక్‌మనే చప్పుడు ఇప్పుడు కాళ్లకు కూడా తెలుస్తోంది. అప్పుడు అర్థమైంది నాకు.

"మీకు తెలుసు కదూ?"

రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెప్పారు. "మొన్నటి నుంచీ తెలుసు. కాదు, వాడు వద్దన్నప్పుడే తెలుసు. నా దగ్గర నేర్చుకున్నవాడికి ఆ మాట ఎలా చెప్పను?"

తిట్టాలనిపించింది. ఏడవాలని కూడా అనిపించింది. రెండిటికీ అది సమయం కాదు.

"వాడికేమీ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆపేయండి, చాలు. నడిచి వెళదాం."

ఆయన బుద్ధిగా తలూపారు. పెళ్లయ్యాక నా మాట అంత తొందరగా విన్నది అప్పుడే. ఎదురుగా రోడ్డు మలుపు లేకుండా తిన్నగా కిందికి దిగుతోంది. చాలా దూరం కింద వ్యాను పోతోంది. ఆయన బ్రేకు మీద కాలు పెట్టారు.

కింద పటపటమని ఏవో తెగాయి. జీపు నా వైపు కుంగి, రోడ్డును గీసుకుంటూ కొండ గోడకు ఆనుకుని ఆగింది. నా భుజం తలుపుకు కొట్టుకుంది. ఆయనకేమీ కాలేదు. మేమిద్దరం ఆగాం. చక్రం ఆగలేదు.

అది పక్క నుంచి బయటికొచ్చి, కాస్త ఊగి, నిలదొక్కుకుని, రోడ్డు నడిమధ్యకు వచ్చి కిందికి దొర్లడం మొదలుపెట్టింది. మొదట్లో మెల్లగానే పోయింది. పరుగెత్తి పట్టుకోవచ్చనిపించింది. ఆయన దూకి పరుగెత్తారు కూడా. కానీ పల్లం దాన్ని లాగేసుకుంది.

మా బండి ఒరిగిపోవడం అద్దంలో చూశాడు కాబోలు, తమ్ముడు వ్యాను ఆపాడు. వాడు ఇంకా సీటు బెల్టు విప్పుకుంటుండగానే వెనక తలుపు తెరుచుకుంది. పాప దిగింది. మాకేదో అయిందని ఏడుస్తూ, రోడ్డు మధ్యలో మా వైపు పరుగెత్తుకొస్తోంది.

ఆయన పక్కకు పొమ్మని అరిచారు. నేనూ చేతులు ఊపుతూ అరిచాను. అంత దూరం నుంచి పిల్లకేం తెలుస్తుంది, రమ్మని పిలుస్తున్నామనుకుని ఇంకా వేగంగా, దొర్లుతున్న చక్రానికి ఎదురుగానే పరుగెత్తింది.