బాలమణి ఉరుకుతున్నదా?

అంజలికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: చెల్లెలు బాలమణి ఒక రాత్రి ఇంటికి రాకుండా ఎక్కడో బయట తెల్లవార్చడం. పొద్దుగూకిందంటే ఆమె చెవి వీధి తలుపు మీదే. చంకలో చంటిది ఏడుస్తున్నా సరే, మగడు శ్రీశైలం కరణ్‌కోట ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయినా సరే, ముందు చెల్లెలు లోపలికి రావాలి.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. తాను పదో తరగతిలో ఉండగా బడి పిల్లలను అనంతగిరి కొండకు తీసుకుపోయారు. తిరుగు దారిలో బస్సు ఆగిపోయి, ఊరు చేరేసరికి తెల్లారింది. ఏమీ జరగలేదు. అయినా ఊరి నోటికి మూత ఉంటుందా? పరీక్షలు రాయకముందే తండ్రి హన్మయ్య ఆమె మెడలో పుస్తె కట్టించేశాడు.

తల్లి లేదు. తండ్రి గొర్రెల వెంట ఊళ్లు తిరిగేవాడు. అందుకని బాలమణి తాండూరులో అక్క ఇంట్లో ఉండి డిగ్రీ కాలేజీకి పోయేది. తప్పిపోయిన గొర్రెను ఉరికి పట్టుకొచ్చిన కాళ్లు అవి. ఆటలు నేర్పే మహిధర్ సార్ ఆ కాళ్లను చూసి పరుగు పందెంలో పెట్టాడు. నిరుడు వికారాబాద్‌లో కాలేజీల పోటీ జరిగితే అందరికంటే ముందు వచ్చింది. ఈ సీజన్‌లో హైదరాబాద్‌లో యూనివర్సిటీ జట్టుకు ఎంపికలు. రెండు రాత్రులు అక్కడే ఉండాలి.

నిరుడు ఆడపిల్లలు వికారాబాద్ నుంచి వచ్చేసరికి పొద్దుపోయిందని కొందరు తండ్రులు కాలేజీకి వచ్చి గొడవ పెట్టుకున్నారు. దాంతో ప్రిన్సిపల్ అరుణాదేవి ఈసారి క్రీడా కమిటీలో ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టింది. హన్మయ్య మంద దగ్గర ఉన్నాడు కాబట్టి బాలమణి తరఫున అంజలి పోయింది. జన్మలో ఎప్పుడూ అంత పెద్ద బల్ల ముందు కూర్చోలేదు. చంటిది బల్ల మీది గ్లాసు కోసం చేతులు చాపుతూనే ఉంది.

"రాత్రి బస ఉన్న పోటీలకు ఆడపిల్లలను పంపొద్దన్నవాళ్లు చేతులు ఎత్తండి," అంది ప్రిన్సిపల్.

మహిధర్ సార్ ఎత్తలేదు. పక్కనున్న రాహేలమ్మ కూడా ఎత్తలేదు. ఆమె కూతురు కబడ్డీ ఆడుతుంది. ఎత్తినవాళ్లూ ఎత్తనివాళ్లూ సరిసమానమయ్యారు. ఇక మిగిలింది అంజలి.

రాహేలమ్మ మోచేత్తో పొడిచింది. "నువ్వు లేపకు. ఆడపిల్లలెంబడి నేను గూడ పోత గదా."

"రెండు రాత్రులక్కా..."

"అయితేంది? నక్కలు ఎత్కపోతయా?"

కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. బాలమణి ఒక్కతే చుట్లు కొడుతోంది. ప్రతి చుట్టుకూ కిటికీ వైపు చూసి నవ్వుతోంది. అంజలికి మాత్రం చీకట్లో ఆగిపోయిన ఆ పాత బస్సే కళ్లముందు నిలిచింది. చెయ్యి ఎత్తింది. తెలిసే ఎత్తింది.

"ఉరికే పిల్ల కాళ్లకు నీ చేతులతోనే తాడు కట్టినవ్ గదనే," అంది రాహేలమ్మ, గొంతు తగ్గించకుండానే.

సాయంత్రం అంజలి జొన్నరొట్టెలు కాలుస్తుండగా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఈ సీజన్ వివరాలు వచ్చాయి. బాలమణి గడప మీద కూర్చుని పైకి చదివింది. మగపిల్లల జట్లు హైదరాబాద్ పోతాయి. ఆడపిల్లలు పొద్దుగూకేలోపు తిరిగి రాగల చోట్లకు మాత్రమే.

"అక్కా, ఎవలెవలు చెయ్యి లేపిండ్రు?"

"మస్తు మంది."

"నువ్వు?"

పెనం మీద రొట్టె మాడుతోంది. "లేపిన బిడ్డా. నీ మంచికే."

"మంచిది," అంది బాలమణి. అరవలేదు, ఏడవలేదు. మాడిన రొట్టె తానే తీసుకుని తినేసింది.

కంది కోతలు అయిపోయాయి. హన్మయ్య మంద రాలిన ఆకు మేసుకుంటూ తాండూరు దాటి బషీరాబాద్ వైపు పోతోంది. ఒకనాడు పొద్దున బాలమణి పరుగు బూట్లు కడిగి చంటిదాని ఊయల కింద పెట్టింది.

"అయ్య ఒక్కడే అయితుండు. మందెంబడి పోత."

"రాత్రి ఏడ పంటవే?"

"మంద ఏడ పంటె ఆడ. చేన్లల్ల."

అంజలి ఊయల వదిలి గడప దగ్గరికి వచ్చింది.

"గిప్పుడు ఎవలేం అనరులే అక్కా. అయ్య ఉంటడు గదా," అని బాలమణి సంచి భుజాన వేసుకుంది.

కొన్నాళ్లకు అంజలి చంటిదాన్ని ఎత్తుకుని కాలేజీకి పోయింది. మహిధర్ సార్ మైదానంలోనే దొరికాడు.

"సార్, ఆనాడు లేపిన చెయ్యి దించుకుంట."

ఆయన నవ్వలేదు. "ఎంపికలు గూడ అయిపోయినయమ్మా. వచ్చే సీజన్‌కు కమిటీ మళ్లీ కూర్చుంటది, నేను అడుగుత. కానీ క్లాసులకు రాకుంటె హాజరు చాలది. హాజరు లేకుంటె పోటీకి పేరు పంపనియ్యరు. ముందుగాల పిల్లను రప్పియ్యి."

ఇంటికి వస్తూ దారిలోనే తండ్రికి ఫోన్ చేసింది. "నాయినా, మణికి ఇయ్యి."

"ఫోన్ పట్టదు బిడ్డా, దూరం జరుగుతది."

"ఎట్లున్నది?"

"ఎట్లుంటది, గొర్రెలెన్క నడుస్తది. మొన్న ఓ గొర్రెపిల్ల రోడ్డు మీదికి ఉరికింది. ఎన్కటి లెక్కనైతే మణి గాలి తీర్గ పోయి పట్టేది. నడ్సుకుంటనే పోయింది. లారీ ఆయన బ్రేకేసిండు గనక పిల్ల బతికింది."

"కాళ్లు నొస్తున్నయా?"

"అడిగిన. లేదంటది."

అంజలి పోదామంటే చంటిదానికి జ్వరం తగ్గడం లేదు. మంద ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. ఇప్పుడామె పొద్దుగూకగానే వీధి తలుపు వైపు చెవి పెట్టదు. ఊయల ఊపుతూ కింద ఉన్న బూట్లను చూస్తుంది.

మీలో ఎవరైనా బషీరాబాద్ దాటి కర్ణాటక వైపు పోయేవాళ్లుంటే, కోసేసిన కంది మోళ్లలో మంద వెనక గొంగడి కప్పుకున్న పొడుగు పిల్ల కనిపిస్తే, కాస్త బండి ఆపండి. అక్క పంపిందని చెప్పొద్దు. తిన్నావా అని అడగండి. ఒక గొర్రె మంద విడిచి పరుగెత్తేదాకా అక్కడే నిలబడండి. ఆ పిల్ల నడిచిందో, ఉరికిందో చూసి, తాండూరులో ఉన్న అంజలికి ఒక్క మాట చేరవేయండి.