దూది మనిషి

"నోరు తెర్వకపోతే ఏం జేసుడు అత్తా? అందరి ముంగట నిలవడి నోరు తెర్వకపోతే నా బిడ్డను మల్ల ఒకటో తరగతిలనే కూసోవెడ్తరు గావచ్చు!"

సెలవులిచ్చి ఇంకా పూట కూడా గడవలేదు. కూతురి బడి సంచి భుజాన ఉండగానే మమతారాణి గడపలో నిలబడి అడిగేసింది. లోపల కందులు చెరుగుతున్న శంకరవ్వ చాట ఆపలేదు.

"బడి తెరిచేది పది దినాలకు. నీ ఏడుపు గిప్పుడే తెరిచినవ్," అంది.

మమతారాణి భయం ఊరికే పుట్టింది కాదు. భవ్యశ్రీకి ఇంట్లో ఉన్నంతసేపూ నోటికి మూతే ఉండదు. కోడితో మాట్లాడుతుంది, కోడి తిన్న గింజతోనూ మాట్లాడుతుంది. ఆటో దిగి ఆదిలాబాద్‌లో బడి గేటు దాటిందంటే మాత్రం పెదాలు కుట్టేసినట్టే. జూన్ నుంచి ఇప్పటిదాకా హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప పలికింది లేదు. ఆ రోజు నిర్మలాదేవి టీచర్ మమతారాణిని గేటు దగ్గర ఆపి, మెత్తగానే చెప్పింది.

"తెలివికేం తక్కువ లేదమ్మా. కానీ మాట్లాడని పిల్లను పై తరగతికి ఎట్ల పంపాలె? సెలవుల ప్రాజెక్టు తెచ్చినప్పుడు పిల్లలందరి ముందర రెండు ముక్కలు చెప్పాలె. గదే పరీక్ష అనుకోండ్రి."

ప్రాజెక్టు స్నోమ్యాన్. క్రిస్మస్ సెలవులకు ఒకటో తరగతి అందరికీ అదే. ఏడో తరగతితో చదువు ఆపిన మమతారాణి ఫోనులో వచ్చిన బొమ్మను పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. తెల్లటి గుండ్రటి కడుపు, దాని మీద గుండ్రటి తల, ముక్కు స్థానంలో క్యారెట్.

శంకరవ్వ తొంగి చూసింది. "ఎవడే గీడు, గిట్ల ఉబ్బిండు?"

"మంచు మనిషట అత్తా. మంచు వడే దేశాలల్ల చేస్తరట."

"మన తాన వడ్తలేదా మంచు? పొద్దుగాల బర్రె గూడ లేస్తలేదు."

ఇంట్లో తెలుపుకేం కొదవ లేదు. తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రం వాళ్లు తిప్పి పంపిన పత్తి ముందు గదిలో వెంటిలేటర్ దాకా పేరుకుని ఉంది. దాని పక్కనే పడకలు. అది వచ్చినప్పటినుంచి మమతారాణి అగ్గిపెట్టెను ఉప్పు డబ్బా వెనక దాచింది, మొగుడు కరుణాకర్‌నూ అతని బీడీనీ వాకిలి అవతలికి తరిమింది, రాత్రి రెండుసార్లు లేచి ఎక్కడైనా కాలుతున్న వాసన వస్తుందేమోనని ముక్కు ఎగబీల్చింది.

ఆ కుప్పలోంచి రెండు దోసిళ్లు తీసుకుంది. ఖాళీ సీసా కడుపైంది, రబ్బరు బంతి తలైంది. జిగురు పూసి పత్తి అంటించసాగింది. భవ్యశ్రీ మోకాళ్ల మీద జరుక్కుంటూ వచ్చి చెయ్యి చాపింది. తల్లిని అవ్వా అనే పిలుస్తుంది.

"నేను వెడ్త అవ్వా."

"వద్దు బిడ్డా, గింజ ముక్కుల వోతది. పక్కింటి చింటూకు వోతే డాక్టర్ దగ్గర ఎంత పరేషాన్ అయ్యిందో ఎరికేనా?"

"మరి కండ్లు నేను కత్తిరిస్త."

"కత్తెరతోని వేలు తెగుతది."

"మరి జిగురు పూస్త."

"కండ్లల్ల వడ్తది. దూరం కూసో, సూస్తుండు. సూస్తే వస్తది."

భవ్యశ్రీ దూరంగా కూచుని చూసింది. కాసేపటికి బొమ్మకే కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. మమతారాణి మాత్రం క్యారెట్ ముక్కు ఎండిపోతే ఎట్లా, ఆటోలో తల ఊడిపోతే ఎట్లా అనుకుంటూ ఇంకో పూత పూసింది.

మూడో రోజు పొద్దున టీవీ మీద నిలబెట్టిన స్నోమ్యాన్ కడుపు కదిలింది. మమతారాణి దగ్గరికెళ్లి చూసింది. పత్తి పోగుల్లోంచి గులాబీ రంగు పురుగు ఒకటి తల బయటపెట్టింది. దాని వెనకే ఇంకొకటి. ఆమె వేసిన కేకకు వాకిట్లోని కోళ్లు చెదిరిపోయాయి.

"గింజపత్తిల పురుగు ఉండక పులి ఉంటదా?" శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మంచిగున్నది. లోపట పానం గూడ వోసినవ్."

భవ్యశ్రీ గంతులేసింది. "అవ్వా, గీయనకు ఆకలైతుందే! గట్లనే తీస్కపోదామే!"

"ఇంకేమన్న ఉన్నదా! టీచర్ మీద వడితే నిన్ను బడిలకెల్లే తీసేస్తరు."

బొమ్మను పెంటకుప్పలో పారేసింది. గింజ తీసిన శుభ్రమైన దూది కావాలని కరుణాకర్‌ను జిన్నింగ్ మిల్లుకు తరిమింది. అతను సాయంత్రం చిన్న మూటతో వచ్చాడు.

"పత్తి పండిచ్చేటోడు దూది అడుక్కునుడు నేనే ఫస్టట. మిల్లు కాడ రాయమల్లు నవ్వి నవ్వి కిందవడ్డడు," అన్నాడు.

రెండో స్నోమ్యాన్ మొదటిదానికన్నా తెల్లగా, నున్నగా వచ్చింది. ఈసారి గదికి లోపల గొళ్లెం పెట్టుకుని మరీ చేసింది మమతారాణి. బయట భవ్యశ్రీ తలుపు మీద వేళ్లతో దరువేసి, విసుగొచ్చి వెళ్లిపోయింది.

మిగిలిన రోజులన్నీ పాఠమే. "ఇది నా స్నోమ్యాన్. దీన్ని నేనే చేసిన. దూదితోని చేసిన." అన్నం తింటుంటే అప్పజెప్పించింది. జడ వేస్తూ అప్పజెప్పించింది. పిల్ల ఇంట్లో గడగడా చెప్పేది. ఒకసారి మధ్యలో ఆగి, "నువ్వే వచ్చి చెప్పరాదే అవ్వా, నీకు మంచిగొస్తది గద," అంది. శంకరవ్వ నవ్వింది. మమతారాణికి నవ్వు రాలేదు.

బడి తెరిచిన రోజు ఆటోలో బొమ్మను ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. తరగతి గది బల్లల మీద స్నోమ్యాన్లు వరసగా ఉన్నాయి. కొన్నింటి కళ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒకదానికి తలే లేదు. వాటి పక్కన భవ్యశ్రీ బొమ్మ దుకాణంలో కొన్నట్టుంది. తల్లులు వరండాలో నిలబడ్డారు. మమతారాణి కిటికీ ఊచ పట్టుకుంది.

తలలేని బొమ్మ తెచ్చిన పిల్లాడు కూడా ఏదో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. భవ్యశ్రీ వంతు వచ్చింది.

నిర్మలాదేవి బొమ్మను చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. "ఎంత మంచిగున్నది! దీన్ని ఎవరు చేసిండ్రు భవ్యశ్రీ?"

"పాపనే మేడం! పాపనే చేసింది, దూదితోని..." కిటికీలోంచి మమతారాణి గొంతు తనకు తెలియకుండానే లేచింది.

"మీరు జర ఆగుండ్రమ్మా. పాపను చెప్పనియ్యుండ్రి."

మమతారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. భవ్యశ్రీ నేల చూసింది. ఎవరిదో పెన్సిల్ డబ్బా కిందపడి గలగలమంది, అంతా మళ్లీ సద్దుమణిగింది. "గా పిల్లకు మాటలు రావు మేడం," అని వెనక బల్ల నుంచి ఒక పిల్లవాడు గుసగుసలాడితే గదంతా వినపడింది. టీచర్ అతణ్ణి కళ్లతోనే ఆపింది, అయినా పాపను తొందరపెట్టలేదు. మమతారాణి ఊచల మధ్యకు మొహం ఆనించింది. ఐపోయింది, ఈ ఏడూ ఒకటో తరగతే, వచ్చే ఏడూ ఒకటో తరగతే, తోటి పిల్లలు ఎదిగి పెళ్లిళ్లు చేసుకున్నా నా బిడ్డ ఇదే బల్ల మీద. 'నేనే చేసిన' అను తల్లీ, రెండే ముక్కలు, అను.

భవ్యశ్రీ తలెత్తింది. ముందు కిటికీ వైపు చూసింది, తర్వాత టీచర్ వైపు. ఇంట్లో కోడిని అదిలించేటంత గట్టి గొంతుతో అంది:

"నేను చెయ్యలే మేడం. మా అవ్వ చేసింది. నన్ను ముట్టనే ముట్టనియ్యలే."