పోయిన ఫేజు

రెండువేల మూడు ఎండాకాలం. వానలు లేక అది రెండో ఏడు. కుందుర్పి దగ్గర మా ఊళ్లో పాలకేంద్రం నేను చూసుకునేవాణ్ణి. పొద్దున ఎనిమిదికల్లా నలభై ఇళ్ల పాలు ట్యాంకులో పడతాయి. వాటిని చల్లబరిచే మిషన్‌కు త్రీఫేజు కరెంటు కావాలి. అది పదింటికి పోతుందని పేరు. మూడు తీగల్లో ఒకదాన్ని ఆపేసి, ఇళ్లలో బల్బులు వెలిగేంత మిగులుస్తారు. అప్పుడు గోడకున్న ఆటో చేంజోవర్ పెట్టె తనంతట తానే జనరేటరును లేపి, మిషన్‌ను దానిమీదికి మార్చాలి.

ఒకే వారంలో రెండుసార్లు మార్చలేదు. మూడింటికి ట్యాంకరు వచ్చేసరికి పాలు విరిగిపోయాయి. ఇంకోసారి జరిగితే కేంద్రం ఎత్తేస్తామని డెయిరీవాళ్లు చెప్పిపోయారు.

అనంతపురం నుంచి మెకానిక్ దివాకర్ వచ్చాడు. మెయిన్ స్విచ్ దించాడు. జనరేటరు లేచింది. పెట్టెలో టక్కుమంది, మిషన్ తిరిగింది. స్విచ్ ఎత్తితే జనరేటరు పడుకుంది. నాలుగుసార్లు అట్లే.

"పెట్టెకేం రోగం లేదన్నా. నువ్వే యాడో చెయ్యి పెట్టింటావు," అన్నాడు.

సుంకమ్మ క్యాను కడుగుతూ ఉంది. ఆమెకున్నది ఒక్క ఎనుము. ఇల్లు గడిచేది ఆ పాలమీదే.

"ఈ ఓబులేసు ఈడుంటే కదప్పా చెయ్యి పెట్టేది! పాలు పోయించుకుంటాడు, బీగం ఏస్తాడు, చీనీచెట్ల కాడికి పరిగెత్తుతాడు. అడిగేవోడు లేడని పెట్టెకూ తెలిసిపోయిండాది."

దివాకర్ నవ్వలేదు. "రోజూ ఏం చేస్తావో అదే చెయ్యన్నా. నేనీడ కూర్చుంటా."

రోడ్డు దాటి తోటలోకి పోయి మోటారు వేశాను. చీనీ అంటే బత్తాయి. నలభై చెట్లు, ఎనిమిదేండ్లవి. తోటకూ కేంద్రానికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. దాని కింద నీళ్లున్న బోరు అప్పటికి నాదొక్కటే. త్రీఫేజు ఉన్నంతసేపూ పారినా సగం చెట్లే తడుస్తాయి. అందుకే ఆ వారమే స్టార్టరు పక్కన కండెన్సర్ బిగించాను. ఒక ఫేజు పోయినా మోటారు ఆగకుండా అది నడిపిస్తుంది.

పది దాటింది. మోటారు గొంతు మారింది. ఫేజు పోయిందన్నమాట. కేంద్రం వైపు చెవి పెట్టాను. జనరేటరు చప్పుడు లేదు.

పరుగున పోయేసరికి దివాకర్ మీటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూడన్నా. ఆగిపోయిన తీగలో నూటెనభై ఓల్టులు. కరెంటు ఉండాది కదా అని పెట్టె ఊరికే ఉండాది. ఆ బలానికి మిషనేమో తిరగదు."

"ఆగిన తీగలోకి కరెంటు యాడ నుంచి వచ్చింది?"

"ఈ లైనులో యాడో కండెన్సర్ మీద మోటారు తిరుగుతాంది. అదే వెనక్కి తోస్తాంది. ఎవరిదో కనుక్కో."

కనుక్కునే పనిలేదు. రోడ్డవతల చప్పుడు వినబడుతూనే ఉంది. సుంకమ్మ మా తోట గట్టుమీద రోజూ గడ్డి కోసుకునే మనిషి. ఆ కండెన్సర్ ఆమెకు తెలుసు. నా మొహం వైపు ఒకసారి చూసింది. ట్యాంకు మీద చెయ్యి ఆనించి చూసి, చెంగుకు తుడుచుకుంది.

"నాదే," అన్నాను.

దివాకర్ మీటరు తీగలు చుట్టుకున్నాడు. "తప్పు నాది కూడా ఉండాదిలే. ఓల్టేజీ కొంచెం తగ్గినా జనరేటరు లేస్తాందని పోయినేడు నేనే సెట్టింగు వదులు చేసిపోతిని."

"మళ్లీ బిగిస్తే?"

"దినానికి ఇరవైసార్లు లేస్తాది. మీకిచ్చే డీజిలు వారం కూడా రాదు. చేత్తో మార్చుకోవచ్చు. అట్లయితే కరెంటు వచ్చి పోయినప్పుడల్లా మార్చేకి మూడింటిదాకా కదలకుండా ఈడే ఉండాల."

"చెట్లకు నీళ్లెవరు మలుపుతారు?"

"అది నన్నడిగితే ఎట్లన్నా?"

తోటకు నడిచాను. మోటారు ఆపి, కండెన్సర్ తీగలు ఊడదీసి జేబులో వేసుకున్నాను. రోడ్డవతల జనరేటరు అందుకుంది. "తిరిగిందప్పో!" సుంకమ్మ కేక వినబడింది.

కాలువలో మిగిలిన నీళ్లు ఇంకా ముందుకు పోతున్నాయి. వాటి వెంట నడిచాను. పద్దెనిమిదో చెట్టు పాదు దాకా వచ్చి, అంచు తడిపి, ఇంకిపోయాయి. అవతల ఇరవైరెండు చెట్లు. రేపు ఆ చివర నుంచి మొదలుపెట్టాలి అనుకున్నాను.