పాత స్టాండ్ నీడలో మూడడుగుల నేల

ముందే ఒప్పేసుకుంటాను. ఆ శనివారం స్ట్రువన్ గెమ్మెల్‌ని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. క్లబ్ వెబ్‌సైట్ చూసేది నేనే కాబట్టి, ఊరంతా చదివేలా తిట్టాను. అసలు సంగతి నాలుగు నెలల తర్వాత అతని నోటే విన్నాను.

స్ట్రువన్‌కి నలభై మూడేళ్లు. ఒకప్పుడు మా ఆర్డ్‌కర్రన్ ఫుట్‌బాల్ జట్టుకే ఎడమ వింగ్‌లో ఆడేవాడు. ఇరవై ఆరో ఏట ఇదే మైదానంలో మోకాలు పోయింది. ఆ తర్వాత మేనేజర్ అయ్యాడు. రెండు క్లబ్బులు తీసేశాక మళ్లీ మా దగ్గరికే వచ్చాడు. పదకొండు మ్యాచుల్లో ఒక్కటే గెలిచాడు. గురువారం ఛైర్మన్ ఇసోబెల్ అతన్ని పిలిచి టీ పోసింది.

"శనివారం గెలవకపోతే సోమవారం నువ్వు రానక్కర్లేదు స్ట్రువన్," అంటూ బిస్కట్ల పళ్లెం అతని ముందుకు జరిపింది. బిస్కట్లు బయటికొచ్చాయంటే కథ కంచికే అని రెండు క్లబ్బుల అనుభవం అతనికి.

ఒక్క ఆశ మిగిలింది. శనివారం మాతో ఆడే జట్టులో ఆరుగురు జ్వరంతో మంచాన పడ్డారు. ఆట అనుకున్న రోజే జరిగితే ఉద్యోగం నిలుస్తుంది. వాయిదా పడితే వాళ్లు కోలుకుంటారు.

శుక్రవారం నేల గడ్డకట్టింది. శనివారం తెల్లారకముందే నలభైమందిమి పారలు పట్టుకుని మంచు గీకాం. పది గంటలకి రిఫరీ ఐలీ వచ్చి నేల చూసి సరే అనాలి. ఆమె కారు గేటు దాటుతుండగా మైదానం చూసుకునే ముసలి వుల్లీ, స్ట్రువన్ పక్కకి చేరాడు.

"పాత స్టాండ్ నీడలో ఆ ముక్క కరగలేదురా. మూడడుగులే, కానీ రాయిలా ఉంది."

"ఇంకెవరికి చెప్పావు?"

"నీకే."

ఐలీ అక్కడక్కడా బంతి వేసి, మడమతో నేల నొక్కి చూస్తూ ఎడమ వింగ్ వైపు వచ్చేసరికి, స్ట్రువన్ సరిగ్గా ఆ ముక్క మీద నిలబడి ఫ్లాస్క్ మూత తిప్పుతున్నాడు.

"టీ తాగు ఐలీ. చేతులు బిగుసుకుపోయుంటాయి."

"రిఫరీకి టీ ఇస్తే లంచమంటారయ్యా."

"పాలు లేవు. పాలు లేని టీ లంచం కిందికి రాదు."

ఆమె నవ్వి కప్పు అందుకుంది. "నువ్వు ఆడినవాడివి కదా, ఆడొచ్చంటావా?"

"ఇంతకన్నా ఘోరమైన నేల మీద ఆడాం."

అప్పుడే మా వింగర్ ఫిన్లే బూట్లు భుజాన వేసుకుని వచ్చాడు. వారమంతా ఇళ్ల కప్పులు వేస్తాడు, శనివారం పరిగెడతాడు. ఇవాళ పెద్ద క్లబ్ మనిషి ఒకాయన వాడి ఆట చూసి, నచ్చితే తీసుకోడానికి వస్తున్నాడు.

"బాస్, ఆడుతున్నాంగా? మా అత్తగారు తప్ప అందరూ వస్తున్నారు."

స్ట్రువన్ అరికాళ్ల లోంచి చలి పైకి పాకుతోంది. చేతిలో టీ ఫ్లాస్క్, ఎదురుగా రిఫరీ, కాళ్ల కింద రాయి. ఇలా నిలబడ్డ మనిషిని అతను ముందే చూశాడు. పదిహేడేళ్ల కిందట అప్పటి మేనేజర్ మెల్‌డ్రమ్ ఇక్కడే, ఇలాగే ఫ్లాస్క్ పట్టుకుని, పది నిమిషాలు కదలకుండా రిఫరీకి జోకులు చెప్పాడు. "మా బాస్‌కి కబుర్లెక్కువ," అని కుర్రాళ్లంతా నవ్వుకున్నారు. ఆ మధ్యాహ్నమే స్ట్రువన్ ఎడమ కాలు ఇక్కడ మోపి జారాడు. ఆసుపత్రికి ద్రాక్షపళ్లు తెచ్చిన మెల్‌డ్రమ్ తనకన్నా ఎక్కువ ఏడ్చాడు. ఎందుకో ఇన్నేళ్లూ అర్థం కాలేదు.

స్ట్రువన్ రెండడుగులు పక్కకి జరిగాడు.

"ఇక్కడోసారి మడమ వేసి చూడు ఐలీ."

బల్లమీద కొట్టినట్టు చప్పుడయింది. ఆమె కప్పు తిరిగిచ్చేసి, తల అడ్డంగా ఊపింది.

"ముందే చెప్తే ఇంట్లో పడుకునేవాళ్లం కదరా గెమ్మెల్," అని స్టాండ్‌లోంచి ఎవరో అన్నారు. ఫిన్లే బూట్లు నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. అందరూ వెళ్లాక స్ట్రువన్ వుల్లీ దగ్గరికి నడిచాడు.

"అప్పుడు కూడా నీకు తెలుసా?"

వుల్లీ పారకంటిన మట్టి గీకాడు. "మెల్‌డ్రమ్‌కి చెప్పాను. ఇవాళ నీకు చెప్పినట్టే."

"నాకు చెప్పలేదు."

"నువ్వు మేనేజర్‌వి కావుగా."

ఆ మ్యాచ్ పదిరోజుల తర్వాత జరిగింది. జ్వరాలు తగ్గిన ఆరుగురూ వచ్చారు. మూడు–ఒకటితో ఓడిపోయాం. మర్నాడు ఇసోబెల్ బిస్కట్లు తెప్పించింది. పెద్ద క్లబ్ మనిషి మళ్లీ రాలేదు. ఫిన్లే ఇప్పటికీ స్ట్రువన్ కనిపిస్తే రోడ్డు దాటేస్తాడు.

స్ట్రువన్ ఇప్పుడు పన్నెండో నంబరు బస్సు నడుపుతున్నాడు. ఇదంతా అందులోనే, ఆఖరి స్టాపులో ఇంజిన్ ఆపి చెప్పాడు. ఫిన్లేకి చెప్పనా అని అడిగితే, వాడి మోకాలు బాగుందిగా, వదిలెయ్ అన్నాడు.

మీకోసం ఎవరైనా ఇలా రెండడుగులు పక్కకి జరిగారా? లేక జరగకుండా నిలబడ్డారా? ఎన్నాళ్లకి తెలిసింది? కింద రాయండి. మీరూ ముందు తిట్టే ఉంటే ఆ మాటా రాయండి, సిగ్గుపడొద్దు. నేనే మొదలుపెట్టాను కదా.