అరగదీసిన బుడిపె

నాకు కోపం ఎక్కువని ఏలూరంతా అంటుంది. అననివ్వండి. ముప్పై ఏళ్ళుగా లైసెన్సు తుపాకులు బాగుచేస్తున్నాను. దసరా వెళ్ళాక ఓ నెల నా కొట్లో కూర్చుంటే మీకూ వస్తుంది. ఆయుధపూజకని రాజుగార్ల ఇళ్ళలో రైఫిళ్ళన్నీ విప్పేస్తారు. అన్నిటి భాగాలూ ఒకే పళ్ళెంలో వేసి కిరసనాయిలుతో కడుగుతారు, కుంకుమ పెడతారు. బిగించేటప్పుడు దీని బోల్టు దానికి, దాని బోల్టు దీనికి. ఆనక "ఏవండీ, పేలట్లేదండీ" అంటూ నా ప్రాణం తీస్తారు.

ఈసారి ముదినేపల్లి వైపు నుంచి అబ్బాయిరాజు గారు వచ్చారు. జంగారెడ్డిగూడెం మెట్టలో అడవిపందుల కోసం వాళ్ళ నాన్నగారు వాడిన పాత రైఫిలు తెచ్చారు. లైసెన్సు రెన్యువల్ దగ్గరపడింది. ఈసారి కొత్తగా వచ్చిన రూలు ప్రకారం, పనిచేస్తోందని నేను కాగితం రాసివ్వకపోతే స్టేషన్లో డిపాజిట్ చేసెయ్యాలి. ఏళ్ళ తరబడి బీరువాలో పడున్నదానితో ఇప్పుడేం పనండీ అన్నాను. చేపల చెరువు గట్టు జరిపిన తమ్ముడికి చూపిస్తానన్నారు. చూపించి ఊరుకోనని కూడా అన్నారు. నవ్వుతూ అనలేదు.

రెండ్రోజులకి ఆ తమ్ముడు బంగార్రాజు గారే దిగారు. అదే కంపెనీ రైఫిలు, అదే కంప్లయింటు. అన్నగారి మాటెత్తితే, ఇది బాగయ్యాక ఆయన్ని గట్టు మీద కాలు పెట్టమనండి చూద్దాం అన్నారు. నాకెందుకొచ్చిన గొడవ, నా పని నేను చేసుకుంటానని రెండూ బల్ల మీద పెట్టాను.

పైకి కవలపిల్లల్లా ఉన్నాయి. కానీ అన్నగారిది పాత రకం. తూటా వెనక గొళ్ళెంలా మూసే దాని బోల్టుకి ముందువైపు రెండే బుడిపెలు, మూసేటప్పుడు స్ప్రింగు బిగుస్తుంది. తమ్ముడిగారిది తరవాత వచ్చిన రకం. దానికి వెనక మూడో బుడిపె కూడా ఉండాలి, తెరిచేటప్పుడే బిగుస్తుంది. బోల్టులు తారుమారయ్యాయి. అంతవరకూ దసరా నిర్వాకమే అనుకోవచ్చు. కానీ మూడో బుడిపె ఉన్న బోల్టు పాతదాంట్లో దూరదు కదా. దూర్చడానికని ఎవడో ఆ బుడిపెని ఆకురాయితో శుభ్రంగా అరగదీసేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బోల్టు పట్టుకుని ఇంట్లోకి వెళ్ళి, అన్నం వడ్డిస్తున్న అమ్మకి చూపించి, ఈ పని చేసిన వెధవ చేతులు విరగ్గొట్టాలన్నాను.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "తిట్టకురా కాలేషా. అది మీ నాన్న చేసింది."

పదిహేనేళ్ళ కిందట కూడా ఆ గట్టు మీదే తగువట. అన్నదమ్ములిద్దరూ రైఫిళ్ళు తీసుకుని ఎదురెదురు నిలబడితే జనం అడ్డం పడ్డారు. మర్నాడు వాళ్ళ నాన్న పెద్దరాజు గారు రెండూ తెచ్చి, ఇవి మళ్ళీ పేలకూడదు, పిల్లలకి తెలియకూడదు అని మా గుమ్మంలో ఏడ్చారట. ఓ భాగం తీసేస్తే కొత్తది కొనుక్కుంటారు. బోల్టులు మార్చి పెడితే అన్నీ ఉన్నట్టే ఉంటాయి. అందుకని నాన్న తలుపేసుకుని ఆ బుడిపె అరగదీశాడు. ఆ పూట అన్నం తినలేదట.

ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అమ్మ మీద అరిచాను. నువ్వెప్పుడు ఎవరి మాట విన్నావు గనకా అంది.

మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను. మూడో బుడిపె అదనపు భద్రతకే గనక, బోల్టులు అటుదిటూ ఇటుదటూ పెడితే ఐదు నిమిషాల్లో రెండు రైఫిళ్ళూ పేలతాయి. నేను ముట్టుకోలేదు. పేల్చడానికి పనికిరావని రెంటికీ రాసి, కాగితాలు తిన్నగా స్టేషన్‌కే పంపాను.

సంగతి తెలిసి వచ్చిన తమ్ముడుగారు విసురుగా వెళ్ళిపోయారు. ఆ తరవాత వచ్చిన అన్నగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"లోపమేంటో కూడా తెలియలేదా?"

"ఈ రకం నాకు అంతు చిక్కలేదండీ."

బజారంతా వినేలా నవ్వారు. "మీ నాన్నయితే చేత్తో తడిమి చెప్పేవాడయ్యా. ఆ పనితనం నీకెక్కడిది?"

బల్ల మీదున్న ఆకురాయి తీసి సొరుగులో పెట్టాను.

"లేదండీ," అన్నాను. "ఆయనంత పని నాకు రాదు."