తొక్కని గడప

మొగిలయ్య కిటికీ కింద గడ్డపార దూర్చి, భుజం ఆనించి ఒక్క ఊపు ఊపాడు. పాత సున్నం పొడిపొడిగా రాలి అతని నెరిసిన మీసం మీద పడింది. చెక్కుచెదరకుండా చేతుల్లోకొచ్చిన కిటికీని చంటిపిల్లను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టాడు.

అమీర్‌పేట గల్లీలోని ఆ పెంకుటిల్లు పోయి, కంప్యూటర్ కోచింగ్ సెంటర్ లేవబోతోంది. అలాంటి ఇళ్లు కూల్చడమే మొగిలయ్య బతుకు. వాటిలో ఎవరికీ పనికిరానివే బోరబండలో అతని ఒంటిగది ఇల్లయ్యాయి. కిటికీ శ్రీనగర్ కాలనీది. తలో రంగు బండలు పంజగుట్టవి. రేకులు మాసబ్ ట్యాంక్‌లో ఏదో షెడ్డువి. ద్వారబంధం మాత్రం ఇన్నేళ్లయినా కుదరలేదు. అక్కడ ఫ్లెక్సీ వేలాడుతుంది. దాని మీద టై కట్టుకున్న కుర్రాడొకడు జావా నేర్చుకోమంటూ పగలూ రాత్రీ నవ్వుతుంటాడు.

పొద్దున సద్ది కడుతూ భార్య పోచమ్మ ఎత్తిపొడిచింది. "ఊరందరి ఇండ్లు ఊడబీకుతవ్. నాకు పసుపు రాసుకునేతందుకు ఒక్క కడప తేవైతివి. శుక్రారమొస్తే పక్కింటోళ్ల కడప దిక్కు జూసుడే నా బతుకు."

"తెస్త తియ్. పెద్దింటి కడపనే తెస్త."

"పెండ్లయిన కాడికెల్లి గిదే ముచ్చట!"

పదకొండింటికి ఆర్కిటెక్ట్ సుమశ్రీ కారు దిగింది. పాత ఇళ్ల కలపతో కొత్త ఆఫీసులు అలంకరించడం ఆమె పని. వీధి గుమ్మాన్ని చేత్తో తడిమి, కాంట్రాక్టర్ విజయేందర్‌తో అంది. "ఈ ద్వారబంధం మా రిసెప్షన్‌లో పెడతామండీ. కింద గడప మాత్రం వద్దు. అందరూ తట్టుకుని పడతారు."

"కింద కోసి పంపిస్త మేడం."

మొగిలయ్య చేతిలో పని ఆపేశాడు. ఆమె కారు మలుపు తిరిగేదాకా ఆగి, గొంతు సవరించుకున్నాడు. "సేట్, గా కడప నేను తీస్కపోనా?"

విజయేందర్ నవ్వాడు. "నీ ఒంటర్రకు గింత కడపనా మొగిలన్నా? ఏనుగును తోల్తవా ఇంట్లకు? తీస్కపో. గని జేసీబీ వచ్చేలోపలే."

భోజనాలయ్యాక రంపంతో రెండు నిలువులనూ అడుగున కోశారు. నలుగురూ కలిసి ద్వారబంధాన్ని బయటికి లాగి ట్రాలీలో పెట్టారు. గోడలో పెద్ద ఖాళీ మిగిలింది. పైనున్న ఇటుకలను ఇప్పుడు మోసేది ఎండిపోయిన సున్నమొక్కటే.

"గోడకు ఆనింపు పోయింది. దగ్గరికి పోకుర్రి!" విజయేందర్ కేకేశాడు.

గడప మాత్రం మట్టిలో పాతుకుపోయి ఉంది. మొగిలయ్య తువ్వాలుతో దుమ్ము తుడిచాడు. టేకు చెక్క మీద పసుపు, పొర మీద పొర, ఎన్ని శుక్రవారాలదో. సందు చివర జేసీబీ రొద వినిపించింది.

"అన్నా, లోపలికి పోకు!" తోటి కూలీ హనుమాండ్లు గడ్డపార అందిస్తూ అన్నాడు. "బయటనే నిలబడి, దాని మీద కాలు తన్నిపెట్టి గుంజు. ఊడొస్తది."

"కడప మీద కాలు పెడ్తర్రా? లచ్చిమిరా అది!"

"కూలే ఇంటికి లచ్చిమేందన్నా?"

"మా ఇంటికి పోయే లచ్చిమిరా."

మొగిలయ్య గడప దాటి లోపలివైపు, గోడ కింద గొంతుకూర్చున్నాడు. చేతులతో మట్టి తోడాడు. గడ్డపార దూర్చి ఎత్తాడు. గడప మూలిగి, కదిలింది. అతని ముఖం విప్పారింది. రెండు అరచేతులూ ఆనించి, బలంగా బయటికి తోశాడు.

గడప బయటపడింది. అతను బయటపడలేదు.

మర్నాడు ఆస్పత్రి నుంచి మొగిలయ్యను తెచ్చిన ట్రాలీలోనే హనుమాండ్లు గడపనూ తెచ్చాడు. ఏం చెయ్యాలో తెలియక, ఫ్లెక్సీ కింద అడ్డంగా పడుకోబెట్టాడు. పోచమ్మ దాన్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

చూడవచ్చినవాళ్లందరూ కాలెత్తి దాన్ని దాటారు. సాయంత్రం పాడె మోసినవాళ్లూ దాటారు. ఎవరి పాదమూ తగలని ఆ చెక్క మీద, ఎవరో ఇల్లాలు రాసిన పసుపు ఇంకా మెరుస్తూనే ఉంది.